అద్దంలో పసుపు దీపాలు

ఆమెను అందరూ సీట్లక్క అంటారు. కార్ల సీట్లు కుడుతుంది కాబట్టి ఆ పేరు. కొత్తగా పరిచయమైనవాళ్ళు మొదటి రోజు "మేడమ్" అని మొదలుపెట్టినా, నాలుగు రోజులు తిరిగేసరికి సీట్లక్క దగ్గరకే వచ్చి ఆగుతారు. సొంత మరిది కూడా వదినా అనడం మానేసి చాలా కాలమైంది.

దుకాణం టైర్ల వీధి చివర ఉంది. మెట్లు దిగి వెళ్ళాల్సిన పొడవాటి గది. ఒక గోడకు రెక్సిన్ చుట్టలు, ఇంకో గోడకు ఫోము పలకలు, నడుమ బరువైన కుట్టుమిషను. పొద్దున్నే పైకిటికీలోంచి ఎండ దిగి, సొంతదారులా వచ్చి ఆ మిషను మీద కూర్చుంటుంది. నల్ల తోలు మీద నల్ల దారం కనబడేది ఆ ఎండలోనే. అందుకే నల్ల సీట్లు పొద్దున, లేత రంగులు మధ్యాహ్నం, సాయంత్రం కొలతలు.

పాత సీటు విప్పితే మనిషి బయటపడతాడని ఆమె అంటుంది. ఎవరు ఎడమకు ఒరిగి కూర్చుంటారో, ఎవరు భయం భయంగా సీటు అంచునే కూర్చుని బండి నడుపుతారో, ఎవరి పక్క సీటు ఏళ్ళ తరబడి ఖాళీగా ఉండిపోయిందో ఆ ఫోమే చెబుతుంది. కుట్ల సందుల్లో హెయిర్ పిన్నులు దొరుకుతాయి, పెన్సిల్ ముక్కలు దొరుకుతాయి. ఒకసారి పాలపన్ను దొరికింది. పొట్లం కట్టి జాగ్రత్తగా ఇస్తే, కారాయన దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. "ఈ పన్ను ఊడినవాడికి ఇప్పుడు గడ్డం వచ్చిందక్కా" అన్నాడు.

ఆమెకు ఈ పని తల్లి నుంచి వచ్చింది. తల్లి పరుపులు కుట్టేది. "సూదిని నీ వైపు లాక్కోకు, నీ నుంచి పంపించు" అనేది. కూతురు పరుపుల నుంచి కార్లకు మారింది గానీ సూది మాత్రం అలాగే, తన నుంచి బయటికే వెళుతుంది.

ఒకరోజు లారీ మీద ఒక పొట్టి బండి వచ్చింది. ముదురాకు పచ్చ, రెండే సీట్లు, పైకప్పు గుడ్డది. సీట్లను ఎలుకలు ఎప్పుడో తినేశాయి. దాని యజమాని మోజుపడి కొన్నాడు, పగటి వెలుగులో చూసేసరికి ఆ మోజు తీరిపోయింది. సీట్లు కుట్టిస్తే అమ్ముకుందామని అతని ఆలోచన. సీట్లక్క కుట్టింది. కుట్టు సరిపోయిందో లేదో చూద్దామని అందులో కూర్చుంది. రోడ్డు ఇంత దగ్గరగా ఉంటుందని, ఆకాశం ఇంత కిందికి వస్తుందని ఆమెకు అప్పటిదాకా తెలియదు. మళ్ళీ లేవబుద్ధి కాలేదు. ఆ బండిని తనే కొనేసుకుంది.

ఆమె భర్తకు మందుల షాపు ఉంది. కారెక్కితే కడుపులో తిప్పే మనిషి. వాకిట్లో నిలబెట్టిన పచ్చ బండి చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. "రెండే సీట్లా? సరిపోతుంది. ఒకటి నీకు, ఇంకొకటి నీ సంచీకి" అని లోపలికి వెళ్ళిపోయాడు. ఒప్పుకోవడం అతనికి ఆ మాత్రమే తెలుసు.

చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ళలో ఇలాంటి బండ్లున్నవాళ్ళు అప్పటికే ఒక క్లబ్బు పెట్టుకున్నారు. స్పోర్ట్స్ కార్ల క్లబ్బు అని బోర్డు. కింద టైర్ల గోడౌను, పైన క్లబ్బు గది. రకరకాల కుర్చీలు, ఏ రెండూ ఒకదానికొకటి చుట్టాలు కావు. గోడ మీద చుట్టుపక్కల దారుల పటం, ఒక మూల ఎప్పుడూ ఎవరో ఒకరు విప్పిపెట్టిన కార్బురేటరు. నెలకో ఆదివారం అందరూ కలిసి ఏదో ఒక దారి పట్టుకుని వెళ్ళి, ఎక్కడో టీ తాగి వస్తారు. బయటివాళ్ళకు అది పనిలేనివాళ్ళ పని. లోపలివాళ్ళకు ఆ ఆదివారం కోసమే మిగతా రోజులు.

ఆమె మొదటిసారి వాళ్ళతో వెళ్ళిన రోజు కొండదారిలో వాన పట్టుకుంది. పచ్చ బండి దగ్గి, మూలిగి, ఆగిపోయింది. ముందున్నవాళ్ళు ఆమె వెనక ఉందనుకున్నారు. ఆమెను దాటినవాళ్ళు ఇంకెవరో చూసుకుంటారనుకున్నారు. అందరూ వెళ్ళారు, భోజనాలు చేశారు, వేరే దారిన ఇళ్ళకు చేరారు. పైకప్పు గుడ్డలోంచి చుక్క చుక్కగా ఒళ్ళో పడుతున్న వానను చూస్తూ ఆమె పొద్దువాలే దాకా కూర్చుంది. చివరికి ఒక ట్రాక్టరాయన తాడు కట్టి లాక్కొచ్చాడు.

వాళ్ళెవరూ చెడ్డవాళ్ళు కారు. మర్నాడు తెలిసి నొచ్చుకున్నారు, పళ్ళు పట్టుకుని ఇంటికొచ్చారు. ఒక్కరు కూడా అద్దంలోకి చూడలేదు, అంతే. ఆ "అంతే" మాత్రం ఆమె లోపల ఒక కుట్టులా బిగుసుకుపోయింది.

కొన్నేళ్ళకు ఆమెను అధ్యక్షురాలిని చేశారు. పోటీ ఏమీ లేదు. మిగతావాళ్ళంతా ఒక్కసారిగా షూ లేసులు కట్టుకోవడం మొదలుపెట్టారు, తలెత్తి ఉన్నది ఆమె ఒక్కతే. అధ్యక్ష పదవి అంటే పెద్ద కుర్చీ అనుకునేరు. ఎవరి బండి పక్కన ఎవరు పెట్టుకోరో గుర్తుంచుకోవడం, అలిగినవాళ్ళకు ఫోన్ చేయడం, టీ ఫ్లాస్కు ఎవరి వంతో చెప్పడం, ఆసుపత్రిలో ఉన్నవాళ్ళను చూసి రావడం, "నా బండిని తుక్కు అన్నాడక్కా" అని వచ్చినవాడిని కూర్చోబెట్టి మంచినీళ్ళివ్వడం. ఎవరి గోల వారిది. ఆ గోలలన్నీ కలిసి ఆమెది.

ఆమె పెట్టింది ఒకే ఒక్క రూలు. దానికి అద్దం రూలు అని పేరు పడింది. దారిలో మలుపు వచ్చినప్పుడల్లా ముందు బండి ఆగాలి. వెనకబండి దీపాలు అద్దంలో కనబడాలి. కనబడితే చాలదు, ఆ బండి కూడా అదే మలుపు తిరగడం చూడాలి. అప్పుడే కదలాలి. అందుకని పట్టపగలు కూడా అందరూ దీపాలు వేసుకునే వెళతారు. ఒకరినొకరు దాటుకోరు. ముందువాళ్ళు ఏ సైగ చేస్తే అదే సైగ వెనకవాళ్ళకు అందిస్తారు. రెండుసార్లు హారను కొడితే అంతా క్షేమం అని. అందరికన్నా వెనక వచ్చేది తోక బండి. తాడు, నీళ్ళ డబ్బా, పనిముట్లు అందులో ఉంటాయి. ఎవరాగినా తోక బండి ఆగుతుంది. ముందు మాత్రం ఎప్పుడూ పచ్చ బండే. దాని ఏరియల్‌కు సీట్ల పేలికలతో ఆమె కుట్టిన చిన్న జెండా ఉంటుంది.

ఆ రూలు పెట్టాక ఒక్కరూ దారిలో మిగిలిపోలేదు.

ఈ ఏడాది కళ్ళ డాక్టరు క్లబ్బులో చేరాడు. మంచివాడు, చురుకైనవాడు. ఎర్ర బండి, కొత్తది, నిలబడి ఉన్నా పరిగెడుతున్నట్టే ఉంటుంది. నాలుగు నెలలు ఓపిక పట్టాడు. అయిదో నెల మీటింగులో లేచి నిలబడ్డాడు.

"అక్కా, కోడి పిల్లల్ని తిప్పినట్టు తిప్పుతున్నారు మమ్మల్ని. మలుపు మలుపుకీ ఆగుతుంటే నా బండి నా మీద అలిగింది. అందరి దగ్గరా ఫోన్లున్నాయి, ఫోన్లలో మ్యాపులున్నాయి. ఎక్కడికి వెళ్ళాలో చెప్పండి చాలు. ఎవరి వేగంలో వాళ్ళు వస్తాం."

"కోడి ఎప్పుడు వెనక్కి చూసింది డాక్టరుగారూ? పిల్లలే దాని వెనక పడి పరిగెత్తుతాయి" అంది సీట్లక్క. "మనుషులం కదా, చూడాలి."

అందరూ నవ్వారు. కానీ కొన్ని నవ్వులు డాక్టరు వైపు కూర్చుని నవ్వాయి. ఆమెకు ఆ తేడా తెలుస్తుంది, కుట్టులో ఒక్క పోగు వదులైనా వేలికి తెలిసినట్టు. కొత్త బండ్లవాళ్ళు ఓ అరడజను మంది పెరిగారు. మాటకు మాట పెరిగి, చివరికి వచ్చే ఆదివారం జలాశయం దాకా వెళ్ళి, అక్కడే గట్టు మీద చేతులెత్తి తేల్చుకుందాం అనుకున్నారు.

రిటైరైన లెక్కల మాస్టారు ఆ రోజు మెట్లు దిగుతూ ఆమె పక్కన నడిచాడు. ఆయనది మీగడ రంగు పాత బండి. ఎత్తెక్కితే పొగలు కక్కుతుంది. ఆయన దాంతో "రామ్మా, ఇంకొంచెం, నా తల్లే" అని మాట్లాడుతూ నడుపుతాడు. "అమ్మాయ్, రూలు పోతే నేను రావడం మానేస్తాను" అన్నాడు మెల్లగా. "అలక కాదు. దారిలో ఆగిపోతే మా ఆవిడ భయపడుతుంది, అందుకు."

శనివారం రాత్రి ఆమె భర్తతో చెప్పింది. అతను మాత్రల అట్టలు సర్దుతున్నాడు.

"రూలు పోతే నేనూ మానేస్తానండీ. ఎవరూ వెనక్కి చూడని చోట నాకేం పని?"

"మీ క్లబ్బు కన్నా నా దగ్గు మందు నయం. మూత పెడితే నోరు మూసుకుంటుంది" అన్నాడతను. ఆమె నవ్వకపోయేసరికి తలెత్తి చూశాడు. "నిద్రపో. పొద్దున్నే లేవాలి కదా."

ఆమెకు నిద్ర పట్టలేదు. గట్టు మీద చెప్పాల్సిన మాటలు ఒకదాని వెనక ఒకటి వచ్చి నిలబడుతున్నాయి, దీపాలు వేసుకున్న బండ్లలా.

ఆదివారం పొద్దున లోకమంతా పాలు ఒలికినట్టు పొగమంచు. బండ్లు వరసగా నిలబడ్డాయి. సీట్లక్క డాక్టరును తోక బండిగా పెట్టింది. కావాలనే పెట్టింది. "వెనక నుంచి ఒకసారి చూడండి, తెలుస్తుంది" అంది. ఎర్ర బండిలో సామాను పెట్టే చోటు బుట్టంత కూడా లేదు. డాక్టరు నీళ్ళ డబ్బాను పక్క సీట్లో కూర్చోబెట్టి, బెల్టు కట్టాడు.

"ఈవిడ ఎక్కువ మాట్లాడదు, పరవాలేదు" అన్నాడు.

ముందు పచ్చ బండి, దాని వెనక మాస్టారి మీగడ బండి, ఆ వెనక మిగతావాళ్ళు. మాస్టారు తన దీపాలకు పసుపు రంగు వేసుకున్నాడు, మంచులో బాగా కనబడతాయని. అద్దంలో ఆ రెండు పసుపు చుక్కలు ఉన్నంతసేపూ ఆమె గుండె కుదురుగా ఉంటుంది.

కొండలు మొదలయ్యాయి. ఫోన్లకు సిగ్నలు పోయింది. మంచు ఎంత దట్టంగా ఉందంటే చెట్లు ఒక్కొక్కటే వచ్చి ముఖం చూపించి వెళ్ళిపోతున్నాయి. ఆమె పెదాలు కదులుతున్నాయి. "నేను ఒకప్పుడు వానలో..." అని మొదలుపెట్టాలా, వద్దా? అది జాలి అడిగినట్టు ఉంటుందా? "రూలు నాది కాదు, మనది" అంటే? అది అబద్ధమేమో?

జలాశయం మలుపు వచ్చింది. కుడికి తిరగాలి. ఆమె ఆగింది, అద్దంలోకి చూసింది. కాసేపటికి మంచులో రెండు పసుపు దీపాలు మెల్లగా పూశాయి. హమ్మయ్య అనుకుంది. చెయ్యి కుడికి చాపింది, తిరిగింది, వెళ్ళిపోయింది. ఆ దీపాలు తన వెనకే తిరిగాయో లేదో చూడలేదు. అప్పటికే మనసు గట్టు మీదకు చేరి మాట్లాడుతోంది.

జలాశయం దగ్గరికి వచ్చేసరికి మంచు పలచబడింది. నీళ్ళు బూడిదరంగు రెక్సిన్ పరిచినట్టు ఉన్నాయి. ఆమె బండి ఆపి, దిగి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని వెనక్కి తిరిగింది.

దారి ఖాళీగా ఉంది.

కొంచెం వెనకబడ్డారనుకుంది. మాస్టారి బండికి నీళ్ళు పోస్తున్నారేమో అనుకుంది. ఇంజన్ల చప్పుడు కోసం చెవులు రిక్కించింది. నీటికోడి ఒకటి అరిచి ఊరుకుంది. ఫోను తీసి చూస్తే సిగ్నలు గీతల చోట చిన్న అడ్డగీత. అప్పుడు గుర్తొచ్చింది. దీపాలు చూసింది, మలుపు తిరగడం చూడలేదు. సగం రూలే పాటించింది.

పై ప్రాణాలు పైనే పోయాయి. ఆ దారికి ఒక పక్క లోయ. మాస్టారికి చూపు అంతంతమాత్రం. మంచులో ఒక బండి జారితే దాని వెనకది, దాని వెనకది... ఒకరి వెనక ఒకరు కళ్ళు మూసుకుని రావడం నేర్పింది తనే కదా. ఆమె బండెక్కింది. ఎప్పుడో వానలో కూర్చున్న రోజు కూడా ఇంత భయపడలేదు. అప్పుడు పోతే తను ఒక్కతే పోయేది.

వచ్చిన దారినే వెనక్కి, లోయ అంచులన్నీ వెతుక్కుంటూ వచ్చింది. రాళ్ళ మీద టైరు గీతలేమీ లేవు. మలుపు దగ్గర మంచులో ఎర్రగా ఏదో కనబడింది.

డాక్టరు బండి. నాలుగు దీపాలూ మిణుకుమంటున్నాయి. అతను రోడ్డు పక్క రాయి మీద కూర్చుని ఉన్నాడు, పక్కనే నీళ్ళ డబ్బా.

"డాక్టరుగారూ! వాళ్ళేరీ? ఏమైంది?"

"ఏమీ కాలేదు. కంగారుపడకండి, ముందు ఊపిరి పీల్చుకోండి. అందరూ తిన్నగా వెళ్ళిపోయారు."

"తిన్నగానా? ఎవరి వెనక?"

"అదే నాకూ అర్థం కాలేదక్కా. ముందే ఫోన్లో దింపుకున్న మ్యాపులో కుడికి తిరగాలని ఉంది. ముందువాళ్ళంతా తిన్నగా పోతున్నారు. హారను కొట్టాను. వాళ్ళూ కొట్టారు, ఎంతో సంతోషంగా."

"మరి మీరు వాళ్ళ వెనక వెళ్ళలేదేం? మ్యాపు పట్టుకుని జలాశయానికీ రాలేదేం?"

డాక్టరు లేచి ప్యాంటు దులుపుకున్నాడు. "వాళ్ళ వెనక వెళితే మీరు ఒంటరిగా ఉండిపోతారు. మీ దగ్గరికి వస్తే వాళ్ళెటు పోయారో చెప్పేవాడు మలుపులో ఉండడు. మీరు ఎలాగూ వెనక్కి వస్తారు. వెనక్కి చూడకుండా ఉండలేని మనిషి కదా మీరు. అందుకని ఇక్కడే కూర్చున్నాను. ఈ డబ్బావిడ తోడుగా."

సీట్లక్క కళ్ళు తుడుచుకుని, "పదండి" అంది.

ఆ తిన్నని దారిలో రెండు బండ్లూ వెళ్ళాయి. దారి పక్క కంచె మొదలైంది. కంచె వెనక మొక్కలు, మొక్కల వెనక మొక్కలు, వరసలు వరసలుగా కుండీలు. గేటు బార్లా తీసి ఉంది. లోపల, గులాబీ మొక్కలకూ నిమ్మ మొక్కలకూ మధ్య, బుద్ధిగా వరసలో నిలబడి ఉన్నాయి క్లబ్బు బండ్లన్నీ. దీపాలు ఇంకా వెలుగుతూనే ఉన్నాయి.

ఆమె ఒక్కొక్కటే చూసుకుంది. మీగడ బండి ఉంది. నీలం బండి ఉంది. బేకరీవాళ్ళ తెల్లది ఉంది. ఒక్కటీ తక్కువ కాలేదు. బిగపట్టిన ఊపిరి ఎంత పెద్దగా బయటికొచ్చిందంటే, తనకే సిగ్గేసింది.

షెడ్డులో అందరూ తిరగేసిన కుండీల మీద కూర్చుని టీ తాగుతున్నారు. మాస్టారు ఆమెను చూసి గ్లాసుతో సహా లేచాడు. "అమ్మాయ్! వచ్చావా! మేం నీ వెనకే వచ్చాం కదా, నువ్వు వెనక నుంచి వస్తావేంటి?"

"నా వెనక కాదు మాస్టారూ. ఎవరి వెనక వచ్చారు?"

మూలన నిలబడ్డ ఒక బక్కపలచటి మనిషి చెయ్యెత్తాడు. నర్సరీ యజమాని. పక్కనే అతని బండి. ఎప్పటిదో చిన్న కారు, వెనక భాగం కోసేసి, పచ్చ టార్పాలిన్ కట్టి, మొక్కలు మోయడానికి మార్చుకున్నాడు. దాని ముందు దీపాల అద్దాలు వయసు మీదపడి పసుపెక్కిపోయాయి. వెనక రెండు గుండ్రటి ఎర్ర దీపాలు, అచ్చం సీట్లక్క బండివిలాగే.

"అడ్డదారిలోంచి రోడ్డెక్కానండీ, ముందు ఒకరు, వెనక ఈ పెద్దాయన" అన్నాడతను. ఇంకా తేరుకోనట్టే ఉన్నాడు. "మలుపులో ముందువాళ్ళు కుడికి పోయారు, నేను మా ఇంటికి తిన్నగా వచ్చేస్తున్నాను. చూస్తే వెనక దీపాలే దీపాలు. నెమ్మదించాను, దాటిపోతారు కదా అని. వీళ్ళూ నెమ్మదించారు. వేగం పెంచాను, పెంచారు. చెయ్యి బయటపెట్టి ముందుకు పొమ్మని ఊపాను. అందరూ చేతులు బయటపెట్టి ఊపారు, చివరిదాకా! నాకు చెమటలు పట్టాయి. రెండుసార్లు హారను కొట్టాను."

"క్షేమం అన్నావనుకున్నాం నాయనా" అన్నాడు మాస్టారు.

"క్షేమమా! ప్రాణభయంతో కొట్టానండీ!"

షెడ్డు షెడ్డంతా గొల్లుమంది. మాస్టారి భార్య పైకప్పు లేని బండిలో ఎప్పుడూ గొడుగు పట్టుకుని కూర్చునే మనిషి. ఆవిడ ఆ గొడుగుతోనే మొగుడిని పొడిచింది. "నేను అడగలేదా? ఏమండీ, అక్క బండిలో చెట్లు మొలిచాయేంటి అని అడిగానా లేదా?"

"అడిగావు."

"ఏమన్నారు?"

"ఏదో అలంకరణ చేసుకుని ఉంటుందిలే అన్నాను."

ఈసారి సీట్లక్క కూడా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఒక కుండీ మీద కూలబడింది. నర్సరీ ఆయన భార్య టీ గ్లాసు చేతిలో పెట్టింది. "మా ఇంటికి ఇన్ని కార్లు ఎప్పుడూ రాలేదమ్మా. ఈయన గేటు వేసెయ్యమన్నారు. ముందు బండిలో గొడుగేసుకుని పెద్దావిడ కనబడింది. గొడుగేసుకుని వచ్చే దొంగలు ఉండరులే అన్నాను."

వేడి టీ గొంతులోంచి దిగుతుంటే భయం కూడా కరిగి దాంతోపాటే దిగిపోయింది. షెడ్డు రేకుల మీద మంచు చుక్కలై టపటపా రాలుతోంది. ఆమె గ్లాసు పక్కన పెట్టి లేచింది. రాత్రంతా వరసలో నిలబెట్టిన మాటల్లో ఒక్కటీ ఇప్పుడు పనికిరాలేదు.

"తప్పు నాది" అంది. "దీపాలు చూశాను, తిరగడం చూడలేదు. మీ అందరికీ అద్దం చూపించి, నేనే చూసుకోలేదు. కంచే చేను మేసింది. ఇక రూలు గురించి మాట్లాడే మొహం నాకు లేదు. ఇక్కడే తేల్చుకుందాం. మీకెలా తోస్తే అలా."

అందరూ డాక్టరు వైపు చూశారు. అతను ఒక గులాబీ మొక్క కుండీని కాసేపు అటూ ఇటూ తిప్పాడు.

"తీసేద్దామన్నది నేనే" అన్నాడు. "ఇవాళ మ్యాపు నాకు దారి చూపించింది, అబద్ధమెందుకు? మీరెవరు ఎక్కడున్నారో మాత్రం చూపించలేదు. అందరి వెనకా వస్తూ మీ ఎర్ర దీపాలను చూస్తుంటే, ఒక్కటి కనబడకపోయినా మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టుకున్నాను. తోక బండి అంటే శిక్ష అనుకున్నాను. రూలు ఉండనివ్వండి. కానీ అక్కా, తొమ్మిదేళ్ళ నుంచి ముందు మీరే. ఒక్క మనిషి అన్నేళ్ళు చూస్తూ ఉంటే ఎంత మంచి కన్నయినా అలిసిపోతుంది. ఇది నా వృత్తి, నా మాట వినండి. ముందు ఉండడం కూడా వంతులు వేసుకుందాం."

"నా కళ్ళ సంగతి కూడా చూడు నాయనా, వచ్చే వారం" అన్నాడు మాస్టారు.

"మీ కళ్ళ సంగతి ఆరు నెలల నుంచి చెబుతూనే ఉన్నాను మాస్టారూ, మీరే రావడం లేదు! ఇవాళ చెట్లను చూసి కూడా అక్క అనుకున్నారు."

"సరే, సరే. రూలు ఉండాలి, ముందు బండి వంతుల వారీ. ఒప్పుకున్నవాళ్ళు చేతులెత్తండి" అన్నాడు మాస్టారు, బడిలో లాగా.

చేతులన్నీ లేచాయి. ఎర్ర బండీ, నీలం బండీ, తెల్ల బండీ అన్నీ. నర్సరీ ఆయన చెయ్యి కూడా లేచింది.

"మీరెందుకండీ?" అని ఎవరో అడిగారు.

"పొద్దుట్నించీ ఎత్తుతూనే ఉన్నాను కదా, అలవాటైపోయింది" అన్నాడతను.

తిరుగు ప్రయాణానికి మంచు పూర్తిగా విచ్చింది. ఒక్కొక్కరూ ఒక్కో మొక్క కొన్నారు. ఒడిలో కుండీలు పెట్టుకుని, బండ్లలోంచి ఆకులు ఊగుతుంటే, ఇప్పుడు అందరి బండ్లలోనూ చెట్లు మొలిచాయి. సీట్లక్క ఏరియల్ నుంచి జెండా విప్పి డాక్టరు బండికి కట్టింది. ముడి బిగించేటప్పుడు వేళ్ళు ఒక్క క్షణం ఆగాయి, అంతే. తరవాత నీళ్ళ డబ్బాను తన పక్క సీట్లో పెట్టుకుని బెల్టు కట్టింది.

తోకలో ఉంటే అంతా కొత్తగా ఉంది. ఇన్నేళ్ళూ వీళ్ళందరినీ అద్దంలో ముఖాలుగా, దీపాలుగా చూసింది. ఇప్పుడు వీపులు కనబడుతున్నాయి. బేకరీ ఆయన భార్య భుజం మీద తల వాల్చాడు, నడుపుతున్నది ఆవిడే. తనకు సరిగ్గా ముందు మాస్టారు బండిని లాలిస్తున్నాడు, గొడుగు ఊగుతోంది. తను కుట్టిన సీట్లలో ఎవరి అచ్చులో వాళ్ళు ఒదిగిపోయి ఉన్నారు. అలవాటుగా అద్దంలోకి చూసింది. ఖాళీ దారి, దాని మీద ఎండ. రావాల్సినవాళ్ళు వెనక ఎవరూ లేరు. ఆ ఖాళీ ఇంత హాయిగా ఉంటుందని ఆమెకు తెలియదు.

కొండ దిగగానే ఫోను మోగింది. రోడ్డు పక్కన ఆపి తీసింది. భర్త. అతను ఎప్పుడూ చేరావా అని అడగడు, అడిగేది ఒక్కటే.

"అందరూ ఉన్నారా?"

"ఉన్నారండీ. నేను కూడా ఉన్నాను."

"గొంతు అదోలా ఉందేం? దగ్గు మందు తీసి ఉంచనా?"

"వద్దు. ఒక నిమ్మ మొక్క తెస్తున్నాను. వాసన చూస్తే కడుపులో తిప్పదంట, నర్సరీ ఆవిడ చెప్పింది. వచ్చే నెల ఆదివారం సంచీని ఇంట్లో వదిలేస్తాను. మీరు నా పక్కన కూర్చుని రావాలి."

అవతల మాత్రల అట్ట నలిగిన చప్పుడైంది. "చూద్దాంలే" అన్నాడతను. అది కూడా అతని ఒప్పుకోలే.

ఫోను పెట్టేసి తలెత్తేసరికి ముందు దారి ఖాళీ అయిపోయింది. అందరూ వెళ్ళిపోయారు. ఒక్క క్షణం పాత వాన చుక్క ఒకటి ఒళ్ళో పడినట్టయింది. ఆమె బండి కదిలించింది. చెరకుతోట దాటి, వంతెన దాటి, ఊరి వైపు మలుపు దగ్గరికి వచ్చింది.

మలుపులో మీగడ రంగు బండి ఆగి ఉంది. మాస్టారు నడుమంతా తిప్పి వెనక్కి చూస్తున్నాడు, అద్దం మీద నమ్మకం లేనట్టు. ఆమె దీపాలు చూశాడు. అయినా కదలలేదు. పచ్చ బండి నెమ్మదిగా వచ్చి, ఎడమకు తిరిగి, ఆయన వెనక నిలిచే దాకా చూస్తూనే ఉన్నాడు. అప్పుడు గొడుగు పైకి లేచింది, రెండుసార్లు హారను మోగింది. ముందున్న బండి అందుకుంది, దాని ముందుది అందుకుంది. ఆ మోత అలా ముందుకు ముందుకు, కనబడని జెండా దాకా వెళ్ళిపోయింది.